పెదమామయ్యగారి గునపం

పాప బళ్లో పిల్లలందరూ తలా ఒక మొక్క తెచ్చుకోవాలన్నారు. నిన్న అద్దంకిలో నర్సరీకి వెళ్లి మందార మొక్క తీసుకున్నాను. తీసుకున్నాక కుండీని పైకెత్తి, అడుగున చిల్లు ఉందా లేదా అని వేలు పెట్టి చూశాను. ఉంది. అయినా ఇంకోసారి చూశాను. నర్సరీ అతను నవ్వి, "అంత అనుమానమైతే ఎట్టాగమ్మా, నేనేమన్నా చిల్లు లేని కుండీ అమ్ముతానా?" అన్నాడు. ఎట్టాగో నాకూ తెలియదు. పాలవాడి చెంబు దగ్గర నుంచి స్కూలు బస్సు డ్రైవరు కళ్ల దాకా నేను అనుమానించని వస్తువు లేదు, మనిషి లేడు. కుండీ అడుగు తడిమే అలవాటు మాత్రం పుట్టుకతో వచ్చింది కాదు. పాప ఎనిమిది నెలల పిల్లగా ఉన్న ఏడాది వచ్చింది. అది నిద్రపోయింది కాబట్టి తీరిగ్గా రాస్తాను.

అప్పట్లో మా ఇంటి ప్రహరీకి ఆనుకునే మా మిరపచేను ఉండేది. మిరపకు మందు కొట్టడం మొదలైతే ఇక ఆగదు. కిటికీలు మూసి, సందుల్లో చీర ముక్కలు కుక్కినా ఆ ఘాటు ఉయ్యాల దాకా వచ్చేది. పాపకు దగ్గు, దగ్గు వెంట ఆయాసం. మందు వాసన తగలనివ్వొద్దని డాక్టరు గారు చెప్పిన రోజు నేను భోజనం మానేసి కూర్చున్నాను. మామయ్యగారు పోయాక వ్యవసాయమంతా మా అత్తగారిదే. ఆవిడ రెండు రోజులు ఆలోచించి, "సరే అమ్మాయ్, ఈ యేడు చెట్లే వేద్దాం. కానీ ఒక్క మాట. మిరపనారు నాటే రోజుకి నీ మొక్కలు పచ్చగా నిలబడాలి. ఏ వరస ఎండిపోతే ఆ వరసలో గుంటక తోలి మిరపే వేస్తాను. అప్పుడు ఏడవకు" అన్నారు. ఏడవనని మాటిచ్చాను.

నేల తయారీ అంతా నేను దగ్గరుండి చూశాను. ట్రాక్టరుతో లోతుగా దున్నిస్తే నల్లరేగడి పెళ్లలు ఒక్కొక్కటి పసిపిల్ల తలంత లేచాయి. గుంతలు తీయడానికి మావారు ట్రాక్టరుకు తగిలించే మరమేకు లాంటి మిషను తెచ్చారు. పదిహేను రోజుల కూలి పని రెండు రోజుల్లో అయిపోయింది. ఆ గుంతలు ఎంత అందంగా ఉన్నాయంటే, గుండ్రంగా, గోడలు నున్నగా, కుమ్మరి చేసి నేలలో దించినట్టు. ఫొటోలు తీసి మా అమ్మకు పంపాను. రోహిణి ఎండల్లో వాటిని అలాగే ఎండనిచ్చి, పైమట్టిలో పశువుల ఎరువు, వేపపిండి కలిపి పూడ్చి, తొలి వానలకు మలబారు వేప మొక్కలు నాటించాం. కూలీలు కవరు చింపకుండా పాతేస్తారేమోనని ఖాళీ కవర్లన్నీ పోగేయించి లెక్కపెట్టాను. ఒకటి తక్కువొస్తే చేనంతా తిప్పించాను. చివరికి అది మేక నోట్లో దొరికింది.

మా పక్కిల్లు, పక్కచేను పెదమామయ్యగారివి, అంటే మా మామయ్యగారి అన్నగారివి. మా ఇళ్లల్లో ఆడవాళ్లు బావగారి ఎదుటపడి మాట్లాడరు. మా అత్తగారు ముప్పై ఏళ్లుగా ఆయనతో తలుపు చాటు నుంచే మాట్లాడతారు. కోడలిగా నాకూ ఆ తలుపే దక్కింది. ఆయనా అంతే. మాకు చెప్పదలచుకున్నది గోడ అవతల గేదెకు చెప్పేవారు. "చూశావటే, మిరప పండే నేలలో కట్టెలు పెంచుతారంట!" అని ఆయన గేదెతో అన్న రోజే నా మనసులో ఆయన పేరు పక్కన గీత పడింది.

నెల తిరగకముందే ఇంటి పక్క మూడు వరసల్లో ఆకులు పసుపు తిరిగాయి. నేను నీళ్లు పెంచాను. పాప స్నానం నీళ్లు, బియ్యం కడిగిన నీళ్లు, గొట్టం పాకినంత దూరం బోరు నీళ్లు. ఒక పొద్దున డాబా మీద గుడ్డలు ఆరేస్తుంటే, పెదమామయ్యగారు మా చేలో కనిపించారు. చేతిలో గునపం. మొక్కకు మూరెడు దూరంలో ఏటవాలుగా పొడిచి, మెలితిప్పి, పీకి, పక్క మొక్క దగ్గరికి నడుస్తున్నారు. గుడ్డలు వదిలేసి కిందికి పరుగెత్తాను. "మీ పెదనాన్నగారు వేళ్లు పొడిచేస్తున్నారండీ!" అంటే మావారు, "ఆయనకు పొద్దున్నే ఏదో ఒకటి చేయకపోతే కాఫీ దిగదులే" అని పేపరు తిప్పారు.

ఇక నేనే కాపలా. ఆయన పొడిచి వెళ్లగానే నేను వెళ్లి ఆ బొక్కలు మట్టితో పూడ్చి, కాలితో తొక్కి, పైన రెండు బిందెలు పోసేదాన్ని. ఆయన తెరవడం, నేను మూయడం. ఒకసారి గోడ మీంచి పాపతో, "ఏమే బుల్లెమ్మా, మీ అమ్మను ఆ నీళ్లు ఆపమనవే" అన్నారు. ఆపితే చస్తాయని కదా తమరి ఆశ అనుకుని, ఇంకో బిందె పోశాను. ఆ రోజు ఆయన పాప చేతికిచ్చిన అరటిపండు కూడా పెరట్లో పారేశాను. ఈ ముక్క ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

నారు నాటడానికి వారం ఉందనగా, అత్తగారికి సాక్ష్యం చూపిద్దామని చచ్చిన మొక్కనొకదాన్ని పట్టి లాగాను. బలమేమీ అక్కర్లేకుండానే వచ్చేసింది. వేళ్లు నల్లగా, మెత్తగా, మురుగు కంపు. పైన నేల నెర్రెలిచ్చి ఉంది, జానెడు కింద నీళ్లు నిలిచి ఉన్నాయి. చెయ్యి పెట్టి తడిమితే గుంత గోడ జిగటగా, నున్నగా తగిలింది. మిషను రేగడిని అరగదీసి కుండ చేసి పెట్టింది. ఆ కుండకు ఆయన గునపంతో పెట్టిన చిల్లులు పూడ్చి, నేను రోజూ నీళ్లు నింపాను. నా గొట్టం పాకని దూరపు వరసల్లో గునపం బొక్కలు ఎవరూ పూడ్చకుండా అలాగే ఉన్నాయి, మొక్కలు ఎర్రటి చిగుళ్లేసి ఉన్నాయి.

మర్నాడు పాపను చంకనేసుకుని గోడ దగ్గరికి వెళ్లి, "పెదమామయ్యగారూ" అన్నాను. ఆయన ఉలిక్కిపడి చుట్టూ చూశారు. ఇంకెవరూ లేరని తేల్చుకున్నాక పాపతో, "మీ అమ్మకు నోరుందే బుల్లెమ్మా!" అన్నారు.

"ముందే చెప్పొచ్చు కదండీ?"

"చెప్పాగా, బుల్లెమ్మకి. అదే మొయ్యలా మాట."

"ఇంటి పక్కవి బతుకుతాయాండీ?"

ఈసారి ఆయన పాపను వదిలి నా వైపు చూశారు. "ఆ మూడు వరసలూ పొయినయ్యమ్మా. తతిమ్మావి లేస్తాయి. నాకు చెట్లంటే ఇప్పటికీ గిట్టదు. కానీ నాటింది చస్తుంటే చూస్తా ఊరుకోలేను."

నేను ఏడవలేదు, మాటిచ్చాను కనుక. అత్తగారు కూడా మాట తప్పలేదు. మూడు వరసల మేర గుంటక తోలి మిరప వేశారు. చెట్లు బతికిన చోటు ఇంటికి దూరం, మందు మాత్రం మళ్లీ కిటికీ కిందే. ఆ చలికాలం పాపను రెండుసార్లు ఆస్పత్రిలో ఉంచాం. ఎండలు రాగానే పెదమామయ్యగారు ఆ మూడు వరసల్లో గునపంతో, ఎగుడుదిగుడు గోడలతో గుంతలు తానే తీశారు. ఎందుకు తీస్తున్నారో అడగలేదు, అనుమానం రానూ లేదు. వాటిలో నాటినవన్నీ బతికాయి, కానీ దూరపు వరసలకంటే ఒక ఏడాది పొట్టిగా. ఇంకొన్నాళ్లకు అన్నీ ఒకే ఎత్తుకు వస్తాయి, తేడా ఎవరికీ తెలియదని మావారంటారు. చెట్ల విషయంలో కాలం అంత మంచిదేమో. నాలో మాత్రం ఆ చలికాలం దగ్గిన పాప ఈనాటికీ ఏడాది పిల్లగానే ఉంది.