పడౌక్ పొట్టుతో వేసిన బొమ్మ

యజమాని చేతులెత్తేసిన ఒక ఆఫ్రికా ఓడ మా పోర్ట్‌బ్లెయిర్ రేవులో ఎంతకాలం ఇరుక్కుపోయిందంటే, దాని లంగరుకు రేషన్ కార్డు ఇచ్చేస్తారనుకున్నాం. అందులోని వంటవాడు గురువు లేకుండానే బొమ్మలు నేర్చినవాడు. ఒడ్డుకు దిగనిచ్చే ఆదివారం పాస్ మీద డాలీగంజ్‌లోని మా తెలుగు చర్చికి వచ్చేవాడు.

ఒకరోజు సాక్ష్యాల వేళ అతను లేచి, అట్టముక్క మీద వేసిన బొమ్మ చూపించాడు. ఎర్ర రంగంతా మా కోతమిల్లులో పడౌక్ చెట్టు దుంగలు కోసినప్పుడు రాలే రంపప్పొట్టే. బొమ్మలో దుంగలతో నిండిన ఓడ వెళ్ళిపోతోంది, ఒడ్డున మొద్దు మీద అతనొక్కడే కూర్చున్నాడు.

"ఈ జాతి చెట్టు మా దేశంలోనూ ఉంది. అక్కడా ఓడెక్కి వెళ్ళిపోతుంది. నేనూ ఇంటికి వెళ్ళాలని ప్రార్థించండి" అన్నాడు ఇంగ్లీషులో. నేను తెలుగు చేశాను.

ముందు వరసలోని టీచరమ్మ లేచింది. ఆమె ప్రార్థన ముగిసేలోపు సముద్రం రెండుసార్లు పోటెక్కుతుంది.

"తండ్రీ, ఈ భయ్యాకి ఇక్కడే కాస్త జాగా, ఓ పక్కా నౌకరీ, మన సంఘంలోనే ఓ పిల్లని చూపించు."

అందరం ఆమెన్ అన్నాం. రెండేళ్ళకని ఈ దీవికి వచ్చి ఇరవయ్యేళ్ళుగా ఉండిపోయిన మాకు తెలిసిన దీవెన అదొక్కటే.

"ఆమె ఏమడిగింది?" అన్నాడతను.

రొయ్యను తిమింగలం చేసి చెప్పే నేను ఆ పూట తిమింగలాన్ని రొయ్య చేశాను.

"నీ గురించే" అన్నాను.

అతను కళ్ళు మూసుకుని, మా అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నాడు.