కుట్టని గుడ్డ

ఆసుపత్రి నుంచి వచ్చాక నేను మొదట నేర్చుకున్నది ఏ చీర ఎలా నిలబడుతుందన్న సంగతి. అంతకుముందు చీర అంటే రంగూ, అంచూ. ఎడమ రొమ్ము తీసేసిన తర్వాత, కింద ఆధారం లేని చోట పైట తనంతట తానే నిలబడాలి. పల్చటి వెంకటగిరి చీర ఒంటికి అంటుకుపోయి లేనిదంతా చెప్పేస్తుంది. మెత్తటి పట్టు జారిపోతుంది. గంజి పెట్టిన ముతక నేత చీర ఒక్కటే ఒంటికి కాస్త ఎడంగా, బిగువుగా నిలుస్తుంది. అదీ మధ్యాహ్నం దాకానే. చెమటకు గంజి దిగిపోతే అదీ వాలిపోతుంది. పైట వెడల్పుగా వదిలితే పల్లం కనిపిస్తుంది. సన్నగా మడతలు పెట్టి, ఆ మడతలన్నీ ఆ పక్కనే పడేట్టు భుజాన వేసుకుంటే కొంత నయం. మద్రాసులో బి.ఏ. చదివినన్నాళ్ళూ నేను అద్దం ముందు ఇంతసేపు నిలబడి ఎరగను.

మా పాపకు ఏడాదిన్నర నిండకముందే గడ్డ బయటపడింది. పాలు గడ్డకట్టాయనుకుని రెండు నెలలు కాపడం పెట్టుకున్నాను. ఆ రెండు నెలలను ఇప్పటికీ తలుచుకుంటూ ఉంటాను. ఆసుపత్రికి వెళ్ళే ముందురోజు వేపాకు నూరి పూసుకుని పాపకు పాలు మాన్పించాను. అది ఒకసారి నోరు పెట్టి, ముఖం చిట్లించి, నన్నే చూసింది. మర్నాడు దాన్ని తిరుపతిలో మా అత్తగారి దగ్గర వదిలి వెళ్ళాను. రెండు నెలలకు తిరిగి వస్తే పాప నన్ను గుర్తుపట్టింది. అమ్మా అని పిలిచింది. కానీ నిద్ర వచ్చినప్పుడు మాత్రం నా దగ్గరికి రాలేదు. అంతకుముందు నా ఎడమ రొమ్ము మీద చెంప ఆనించుకుని తప్ప నిద్రపోని పిల్ల.

చిత్తూరులో మా ఇంటికి వచ్చాక కూడా అంతే. నిద్ర ముంచుకొస్తే వాళ్ళ నాయన భుజం మీదికి ఎక్కేది, లేదా చాప మీద ఒంటరిగా ముడుచుకునేది.

మొదట్లో పలమనేరు శాలువా ఒకటి కప్పుకుని తిరిగాను. వైశాఖ మాసం. ఎదురింటావిడ బావి దగ్గర నిలబడి చూసి నవ్వింది.

"ఏమక్కా, చలికాలమంతా మీ ఇంట్లోనే దిగినట్టుండాదే. మాకూ రోంత పంపించగూడదా?"

"ఒంట్లో బాగలేదమ్మా" అన్నాను.

"చలిజ్వరమైతే మిరియాల కషాయం తాగు. ఈ ఎండకు కంబళి కప్పుకుంటే జ్వరం పోదు, నువ్వు పోతావు."

ఆమెకు తెలియదు. మరునాడు శాలువా పెట్టెలో పెట్టేసి, సంతలో పత్తి కొని, పాత రవికెకు లోపల సంచిలాంటిది కుట్టి అందులో కూరాను. కుట్టుపని కాన్వెంటులో నేర్చుకున్నాను కాబట్టి కుట్లు చక్కగానే వచ్చాయి. వేసుకుని మా ఆయన ముందు నిలబడ్డాను.

"తెలుస్తుందా?"

ఆయన చూసి, చూపు తిప్పుకుని, "ఎవరు చూస్తారు ఇప్పుడు?" అన్నారు.

"పాప చూస్తుంది."



ఆ సాయంత్రం పాపను దగ్గరికి లాక్కుని ఆ పక్కనే పడుకోబెట్టుకున్నాను. అది కొంచెంసేపు చెంప ఆనించి, లేచి కూర్చుని, "ముల్లు" అంది. కోత మానిన చోట చర్మం గట్టిపడి, కుట్ల గుర్తులు గరుకుగా ఉండేవి. అన్ని మడతల కింద ఉన్నా పాప దాన్ని కనిపెట్టేసిందనుకున్నాను. మర్నాడు ఇంకో గుప్పెడు పత్తి కూరాను. వారం తర్వాత ఇంకా కొంచెం. పాప ప్రతిసారీ ముల్లు అనేది, ప్రతిసారీ దిగిపోయేది.

ఆషాఢంలో మా మామగారి తద్దినం వచ్చింది. తిరుపతిలో గోవిందరాజస్వామి గుడి వెనక వీధిలోని ఇంట్లో చేస్తారు. కొడుకు కర్త అయితే వంట కోడలు చేయాలి, మడిలో. పెళ్ళైనప్పటి నుంచీ చేస్తూనే ఉన్నాను. అయినా ఆ సంవత్సరం ఆ రోజు ఉదయం స్నానం చేసి, తడి జుట్టు ముడి వేసుకుని, నా సంచి రవికె చేతిలో పట్టుకుని నిలబడే దాకా ఆ సంగతి నాకు తట్టలేదు. మడిలో రవికె ఉండదు. కుట్టిన గుడ్డ మడికి రాదు. ముందురోజు తడిపి, ఎవరూ ముట్టకుండా ఎత్తు దండెం మీద ఆరేసిన చీర ఒక్కటే కట్టుకోవాలి. చీరలు, గంజి, మడతలు అని మూడు నెలలు లెక్కలు వేసిన నేను దీన్ని మరిచిపోయాను.

అత్తగారు కర్రతో చీర తీసి నా మీదికి జార్చింది. మామగారు పోయినప్పటి నుంచీ ఆమె ఒంటిమీద రవికె లేదు. ఒక్క తెల్లచీరే చుట్టుకుని వీధిలోకీ, గుడికీ, పెళ్ళిళ్ళకూ వెళ్ళి వచ్చేది. నేను కదలకుండా నిలబడి ఉంటే ఆమెకు అర్థమయింది.

"ఈడ ఎవురూ లేరులే, నేనే గదా ఉండేది" అంది. "ఇట్ల తిరుగు."

"అత్తమ్మా, వంట నేను చేస్తాను, వడ్డించేది మాత్రం మీ కూతురు వదినెను చెయ్యమంటే..."

"ఏం, నీ చేతులు గూడా కోసినారా?"

నాకు నవ్వు వచ్చింది. ఏడుపు కూడా వచ్చిందేమో, గుర్తులేదు.

"నాకు మాత్రం ఏముండాది ఇప్పుడు? ఆరుగురు తాగి పోయినారు. ఎండిన సొరకాయ తిత్తులు రెండు. పన్నెండేండ్లుగా ఈ ఒక్క గుడ్డతోనే కప్పుకుంటా ఉండా. సూడు, చెప్తా."

ఆమె చెప్పిన పద్ధతి నా పద్ధతికి సరిగ్గా తలకిందులు. నేను లేనిచోట గుడ్డ గుట్టగా పోసేదాన్ని. ఆమె చెరగును రొమ్ముకు అడ్డంగా రెండు చుట్లు బిగించి తిప్పింది. ఉన్నవైపూ లేనివైపూ ఒకే తీరుగా అణిగిపోయాయి. తర్వాత కొసను వీపు మీదుగా తెచ్చి నడుములో దోపింది. "దాచి పెట్టుకుంటే అందరూ తొంగి సూస్తారు. అణిచి కడితే ఎవరికీ ఏమీ పట్టదు" అంది.

వంట చేశాను. వడ్డించాను. భోక్తలు తల ఎత్తకుండా తిన్నారు.

వాళ్ళు తాంబూలం తీసుకుని వెళ్ళే దాకా నేను తినకూడదు. పెరటి వసారాలో గోడకు ఆనుకుని కూర్చున్నాను. లోపల పాప నిద్ర ముఖంతో ఏడుస్తోంది. అత్తగారు ఏదో పనిలో ఉన్నట్టుంది. కాసేపటికి పాపను వసారా గడప దగ్గరికి తెచ్చింది. గౌను మీద ఉంటే నన్ను తాకకూడదు. గుడ్డ లేని బిడ్డకు మైల లేదు. గౌను విప్పి పక్కన పడేసి, "పో, మీయమ్మ దగ్గరికి" అని వదిలింది.

"అది రాదు అత్తమ్మా" అన్నాను.

పాప వచ్చింది. ఒళ్ళో కూర్చుని, అలవాటుగా ఎడమవైపే చెంప ఆనించింది. నేను ఆ మాట కోసం ఎదురుచూశాను. అది చెంప కాస్త జరిపింది, చేత్తో తడిమింది. బిగించిన చుట్ల కింద చదునుగా, కోత గుర్తుతో సహా అంతా అక్కడే ఉంది. "ముల్లు లేదు" అంది. కళ్ళు మూసుకుంది.

నాకు వెంటనే అర్థం కాలేదు. పొద్దున నేను గడప పక్కన వదిలిన రవికెను అత్తగారు కర్రతో ఎత్తి చూస్తోంది. కుట్టు ఒకచోట విడిపోయి పత్తి బయటికి వచ్చింది.

"ఈ పత్తి ఎవరు ఏరినారు?"

"ఏరేదేముంది?"

"గింజలు తీయలా, పొట్టు తీయలా, ఎండాకు గూడా అట్లే ఉండాది. దీన్ని నేను వత్తులకు గూడా పనికి రానీను. బిడ్డ చెంపకు పెట్టినావా? బి.ఏ.లో ఇది చెప్పలేదా?"

చెప్పలేదు. రెండు నెలలుగా పాప ముల్లు అంటున్నది పత్తిగింజల గురించి. నేను ప్రతిసారీ భయపడి ఇంకా గింజలు కూరుతూ వచ్చాను.

ఆ తర్వాత ఆమె పత్తి శుభ్రంగా ఏరి కొత్త సంచి చేసి ఇచ్చింది. పెళ్ళిళ్ళకూ పేరంటాలకూ వేసుకుంటాను. ఇంట్లో వేసుకోను. గడ్డ మళ్ళీ వస్తుందా, పాప పెద్దదయ్యే దాకా నేనుంటానా అన్న భయం ఇప్పటికీ, పాప నిద్రపోయి నేనొక్కదాన్నే దీపం దగ్గర కూర్చున్న ఇలాంటి వేళల్లో వచ్చి పోతూనే ఉంటుంది. దాన్ని అణిచి కట్టే పద్ధతి అత్తగారు కూడా చెప్పలేదు.

ఆ రోజు భోక్తలు ఎప్పుడో వెళ్ళిపోయారు. అత్తగారు ఆకు వేసి, "లే, తిను" అంది. పాప గాఢనిద్రలో ఉంది. కోత తర్వాత బలం తగ్గిన నా ఎడమచెయ్యి తిమ్మిరెక్కిపోయింది. నేను లేవలేదు. పాప లేచేసరికి అన్నం చల్లారిపోయింది, పొద్దు పెరటి గోడ దాటింది. అప్పుడు తిన్నాను.