మరిడమ్మ బానలో పద్దెనిమిది ముళ్ళు

మరిడమ్మకు డబ్బు ఎంచడం బాగానే వచ్చు. కాని ఎవరి డబ్బూ ఎంచేది కాదు. ఇసకపేట ఆడవాళ్ళకి ఆమె మీద నమ్మకం కుదిరింది అందుకే.

నౌపడ ఉప్పుమడులు దాటి తూర్పుకి నడిస్తే సముద్రం ఒడ్డున అరవై గుడిసెల పేట అది. మగవాళ్ళు తెప్పల మీద వేటకెళతారు. వాళ్ళ చేతికి రూపాయి చిక్కిందంటే అది దొంగసారా కుండ దాకా పరుగెత్తుకుపోతుంది. అందుకని ఆడవాళ్ళు నానా తంటాలూ పడి మిగుల్చుకున్న నోట్లు మరిడమ్మ ఇంట్లో దాచుకునేవారు. పాత చీర పేలికలో నోట్లు చుట్టి, వలతాడుతో బిగించి, ఎవరి ముడి వాళ్ళు వేసి ఇచ్చేవారు. ఆ ముళ్ళు అత్తల దగ్గర కోడళ్ళు నేర్చుకున్నవి. ఒక ఇంటి ముడి ఇంకో ఇంటివాళ్ళకి రాదు. లోపల ఎంతుందో ఇచ్చినామె చెప్పదు, పుచ్చుకున్నామె అడగదు. తిరిగి తీసుకునేటప్పుడు ముడి చూసుకుంటే సరిపోయేది. ఇంకొకరు విప్పి కడితే తెలిసిపోతుంది. ఈ పద్ధతి మరిడమ్మ అత్త నాటినుంచీ ఉంది.

మూటలన్నీ ఒక మట్టి బానలో ఉండేవి. వాటి మీద ఎండు నెత్తళ్ళ చేపలు పరిచి ఉండేవి. ఆ వాసనకి దొంగ కూడా ముక్కు మూసుకుని పోతాడని మరిడమ్మ నవ్వేది. అప్పట్లో నవ్వేది.

ఆమె మొగుడు గంగులు పదేళ్ళ కిందట వేటకి పోయి తిరిగి రాలేదు. పిల్లలు లేరు. తెప్ప మీద మగాడు లేని ఇంటికి చేపల్లో వాటా ఉండదు. అయినా రోజూ పొద్దున్నే ఒడ్డున ఆమె గంప నిండేది. ఆడవాళ్ళు తమ వాటా చేపలు ముందుగా ఆమె గంపలో పోసేవారు. ఆమె వాటిని ఎండబెట్టి నరసన్నపేట సంతలో అమ్ముకొచ్చాక డబ్బు పుచ్చుకునేవారు. మా నోట్లే ఆవిడ బానలో ఉంటే నాలుగు చేపలకి భయమెందుకు అన్నది వాళ్ళ ఆలోచన. ఆ నమ్మకం ఉన్నన్నాళ్ళే మరిడమ్మ ఇంట్లో పొయ్యి వెలుగుతుంది. అది పోతే ఆమెకి ఒడ్డు మీద నిలబడడానికి జాగా లేదు. ఈ సంగతి ఆమెకీ తెలుసు, పేటకీ తెలుసు.

రెండేళ్ళు వరసగా వానలు మొహం చాటేశాయి. పంతొమ్మిది వందల అరవై ఏడులో రూపాయికి వచ్చే బియ్యం అంతకు ముందు వచ్చినవాటిలో సగమయ్యాయి. సంతకొచ్చే రైతు ఆడవాళ్ళు ఎండుచేప చేతిలోకి తీసుకుని, వాసన చూసి, ధర విని, మళ్ళీ గంపలో పెట్టేసేవారు. నరసన్నపేటలో ఒకరోజు బియ్యం డిపో ముందు జనం తలుపులు విరగ్గొట్టినంత పని చేశారు. ఖాళీ సంచులు పైకెత్తి అరుస్తున్నవాళ్ళని మరిడమ్మ గంప పక్కన పెట్టుకుని చూసింది. ఎవరిని తిడుతున్నారో ఆమెకి సరిగా అర్థం కాలేదు. డిపోవాడిని తిట్టారు, సర్కారుని తిట్టారు, చివరికి వాళ్ళలో వాళ్ళే తిట్టుకున్నారు. కడుపు కాలినవాడికి ఎదురుగా ఎవడు దొరికితే వాడే సర్కారు.

అప్పుడే చిన్న నోట్లు వచ్చాయి. పది రూపాయల నోటు అంతకు ముందున్న దానికంటే చిక్కిపోయి వచ్చింది. సర్కారు కాగితం ఖర్చు తగ్గించుకోవడానికి నోటు సైజు కుదించిందని చదువుకున్నవాళ్ళు చెప్పారు. చదువుకోనివాళ్ళు ఆ మాట వినలేదు. వాళ్ళకి కనిపించింది ఒక్కటే. బియ్యం తగ్గాయి, నోటూ తగ్గింది. రెండూ ఒకే రోగమని తేల్చుకున్నారు.

"నాసిక్కులో మిసన్లు పగలూ రాత్రీ నోట్లు అచ్చేస్తన్నాయట అప్పా," అంది దాలమ్మ ఒడ్డున చేపలు ఏరుతూ మరిడమ్మతో. అప్ప అంటే ఆ పేటలో అక్క. పేటలో నోరున్న మనిషి ఆమె. మొగుడికి రెండు తెప్పలున్నాయి. "కాయితం సాలక నోటు సిన్నది సేసినారట. ఉగాది ఎల్లిపోతే పాత నోటు సెల్లదట. పొయ్యిలో ఎట్టుకోవడమే."

"ఎవులు సెప్పినారే?" అంది మరిడమ్మ.

"ఎవులు సెప్పనేదో అడుగు. టెక్కలి బస్సంతా అదే మాట."

మరునాడు పదిమంది ఆడవాళ్ళు మరిడమ్మ గుమ్మంలో ఉన్నారు. ఆమె బాన బయటికి తెచ్చి, నెత్తళ్ళు తీసి పక్కన పోసి, "ఎవల మూట ఆలు పట్టుకుపోండి. నాను ముడి ఇప్పను," అంది.

"పట్టుకుపోయి ఏటి సేస్తాం?" దాలమ్మ గొంతు పెంచింది. "ఇంట్లో మొగోడి కంటపడితే ఉగాది దాకా ఉంటాదేటి? పట్నం ఎరిగినదానివి నువ్వు. షావుకార్ల మొహం ఎరిగినదానివి నువ్వు. బేగి ఎల్లి మార్సుకురా."

"అయితే ఇద్దరు నాతో రండి. మీ కళ్ళముందే ఇప్పుతాను."

వస్తామన్నారు. కాని తెల్లారేసరికి కవళ్ళ చేపల గుంపు ఒడ్డుకి తోసుకొచ్చింది. కరువు రోజుల్లో అంత చేప కళ్ళబడి ఎన్నాళ్ళో అయింది. ఒక్క మనిషి కూడా ఒడ్డు వదల్లేదు. "రేపెల్దుం," అంది మరిడమ్మ. "రేపటికి ఉగాది నాలుగు రోజులే," అంది దాలమ్మ. "సర్కారోడు అచ్చేసి సంపుతన్నాడు. నువ్వు దాసి సంపుతన్నావు." ఆ మాట ఎవరూ కాదనలేదు. మరిడమ్మ పద్దెనిమిది మూటలూ గంప అడుగున పెట్టి, పైన ఎండుచేపలు సర్ది, ఒంటరిగా బయలుదేరింది. అందులో ఒక మూట ఆమెదే.

నరసన్నపేటలో జగన్నాధం బట్టల కొట్టు తలుపు సగమే తీసి ఉంది. ముందర యాభై మంది తోసుకుంటున్నారు. పాత నోటుకి కొత్త నోటు, రూపాయికి ముప్పావలా లెక్కన. పోస్టాఫీసుకి పోతే పేరు రాసుకుంటారని, ఇంత డబ్బు ఎక్కడిదని అడుగుతారని జనంలో ఎవరో అంటున్నారు. మరిడమ్మ గంప పొట్టకి అదుముకుని జనంలోకి దూరింది.

ఒక్కో మూటా విడిగా విప్పి, విడిగా మార్చి, మళ్ళీ ఆ తాడుతోనే కట్టుకోవాలని ఆమె దారంతా అనుకుంది. మొదట దాలమ్మ ముడి విప్పింది. ఆరు పదులు. తర్వాత అమ్మడి ముడి గోళ్ళకి లొంగక పళ్ళతో లాగింది. రెండు రూపాయల నోట్లు పదకొండు, ఒకటి చెమ్మగా ఉంది. మూడోది విప్పుతుండగా వెనకవాళ్ళు అరిచారు.

"ఇలా ఒక్కొక్కటీ విప్పుతూ కూర్చుంటే నేను కొట్టు మూసేస్తానమ్మా," అన్నాడు జగన్నాధం. "అన్నీ ఒకేసారి కుమ్మరించు. లేదా పక్కకి జరుగు."

మరిడమ్మ అన్నీ పోసింది. పద్దెనిమిది ఇళ్ళ నోట్లు ఒక్క కుప్ప అయ్యాయి. ఆమె చేతికి దానికంటే చిన్న కుప్ప ఒకటి వచ్చింది. జగన్నాధం కూడా ఆ పుకారు నమ్మాడేమో, లేక నమ్మినట్టు నటించాడేమో, తేల్చి చెప్పే సాక్షి ఎవరూ లేరు. అతని కొట్టు మాత్రం తర్వాత రెండు అంతస్తులయింది.

పేటకి వచ్చి సంగతి చెప్పింది. ముళ్ళు లేవనీ, అంతా కలిసిపోయిందనీ దాచకుండా చెప్పింది. ఆరోజు ఎవరూ తప్పు పట్టలేదు. బతికిపోయాం అన్నారు. "ఉండనీ అప్పా, ఉగాది ఎల్లాక పంచుకుందుం," అన్నారు.

ఉగాది వెళ్ళిన మూడో రోజు మరిడమ్మ సంతకి పోతూ బస్సులో చిల్లర తీసుకుంది. కండక్టరు ఇచ్చిన వాటిలో పాత రెండు రూపాయల నోటు ఉంది.

"ఇది సెల్లదు గదా బాబూ?"

కండక్టరు నవ్వాడు. "ఎవరు చెప్పారు నీకు? మొన్న నాకు జీతం ఇచ్చిందంతా పాత నోట్లే."

ఆమె దారిలోనే దిగిపోయి పోస్టాఫీసుకి పోయింది. పోస్టుమాస్టరు తల ఎత్తకుండానే, "పాతదీ చెల్లుతుంది, కొత్తదీ చెల్లుతుంది," అన్నాడు. ఆ మాట విన్నాక గుండె దడదడలాడాలి. ఆడలేదు. ఒంట్లోంచి ఏదో దిగిపోయినట్టయింది, అంతే. తిరుగుదారిలో ఉప్పుమడుల గట్టు మీద కాసేపు కూర్చుంది. చెప్పకుండా ఊరుకుంటే పేటకి ఈ సంగతి తెలియడానికి ఇంకో వారం పడుతుంది. ఆ వారం ఏం చేసుకోవాలో ఆమెకి తోచలేదు. లేచి వెళ్ళి చెప్పేసింది.

తిట్లు పడ్డాయి. డిపో ముందర జనం సర్కారుని తిట్టిన తిట్లే, ఈసారి పేరు పెట్టి మరిడమ్మని. పంపింది మేమే అన్న మాట ఒక్కరి నోటా రాలేదు. పావలా తానే మింగిందని ఒకరు, షావుకారుతో కూడబలుక్కుందని ఇంకొకరు. మరిడమ్మ కొత్త నోట్ల కుప్ప చాప మీద పోసి, "ఎవలిది ఎంతో సెప్పండి. సెప్పినంతా ఇస్తాను. పావలా తరుగు నాది," అంది.

ఒక్కొక్కరే చెప్పారు. దాలమ్మ నూట యాభై అంది.

ఆరు పదులు మరిడమ్మ కళ్ళముందు ఆడాయి. తన వేళ్ళతో విప్పిన ముడి అది. నోరు తెరిచి చెప్పొచ్చు. కాని లోపల ఎంతుందో మూట పుచ్చుకున్నామె చెప్పకూడదన్నది అత్త నాటి మాట. ముడి విప్పి ఒక తప్పు చేసింది, లోపల ఉన్నది చెప్పి ఇంకో తప్పు ఎందుకని ఊరుకుంది. నూట యాభై ఎంచి ఇచ్చింది. అది చూసి తర్వాతివాళ్ళ అంకెలూ పెరిగాయి. వాళ్ళంతా దొంగలని కాదు. ఏడాదిగా పిల్లలకి గంజి పోస్తున్న ఆడవాళ్ళు. ఎవరో ఒకరు తమని దోచారని వాళ్ళకి గట్టిగా తెలుసు. ఎవరన్నది ఒక్కటే తెలియదు.

చివర్న అమ్మడు మిగిలింది. పందొమ్మిదేళ్ళ పిల్ల, కడుపుతో ఉంది. చాప మీద నోట్లు అప్పటికే అయిపోయాయి. ఆమె ఆ చాప వంక చూసింది.

"నాదేటీ నేదప్పా. ఉట్టి మూటే. మా అత్త సూస్తాదని కట్టినాను."

మరిడమ్మ ఆమెని చూసి తల ఊపింది. కళ్ళు పొడిగానే ఉన్నాయి. నోట్లు అందని నలుగురికి ఇంకా బాకీ ఉంది. వెండి కడియాలు, చెవిపోగులు, ఎండబెట్టిన సరుకు, గంగులు వదిలిపోయిన వల, అన్నీ అమ్మి రెండు వారాల్లో తీర్చేసింది. సాయంత్రాలు గుమ్మంలో కూర్చునేది. ఆకలి వేసేది గాని, అది ఎవరి ఆకలో అన్నట్టుండేది. అమ్మడికి ఇరవై రెండు రూపాయలు పంపితే అమ్మడు తిప్పి పంపింది; అవీ మిగతా బాకీల్లోకే పోయాయి.

బాకీలన్నీ తీరిన మరునాడు మరిడమ్మ ఎప్పటిలాగే గంప పట్టుకుని ఒడ్డుకి పోయింది. ఎవరికీ పైసా బాకీ లేదు కాబట్టి మొహం దాచుకోవలసిన పని లేదనుకుంది. తెప్పలు వచ్చాయి. ఆడవాళ్ళు వాటాలు వేసుకున్నారు. ఆమె తన చోట కూర్చుంది. గంప ఖాళీగానే ఉంది.

దాలమ్మ దగ్గరకొచ్చి, మెత్తగానే, "రొక్కం ఉంటే ఎత్తుకో అప్పా. ఏటనుకోకు. రోజులు బాగునేవు," అంది. పక్కనున్నవాళ్ళు వినపడనట్టు చేపలు ఏరుకున్నారు. వాళ్ళ దగ్గరికి పోయినా అదే మాట వస్తుందని మరిడమ్మకి తెలిసిపోయింది.

అందరూ వెళ్ళాక అమ్మడు వచ్చి తన వాటా అంతా గంపలో పోసింది.

"ఎంత?" అంది మరిడమ్మ.

"ఎంతేటప్పా? సంత నుంచొచ్చినాక ఇద్దువుగాని."

మరిడమ్మ గంపని అమ్మడి వైపు తోసింది.

"నువ్వూ అడుగే అమ్మడూ. నువ్వడక్కపోతే నాను తీసుకోనేను."

"అప్పా..."

"అడుగు."

అమ్మడు ఏడ్చింది. ఏడుస్తూనే, "రెండు రూపాయలప్పా," అంది.

మరిడమ్మ దగ్గర రెండు రూపాయలు లేవు. చేపలన్నీ తిరిగి అమ్మడి తట్టలో ఒంపేసి, ఖాళీ గంప నెత్తిన పెట్టుకుని ఉప్పుమడుల వైపు నడిచింది. అక్కడ ఏ రోజు కూలి ఆ రోజే చేతిలో పెడతారు.