నిటారుగా నిలబడ్డ హద్దురాయి

2023 ఎండాకాలం. నరసరావుపేటకి కాస్త దూరంలో, సర్కారు భూముల రీసర్వే ఇంకా రాని ఊరు. నేను లైసెన్స్‌డ్ సర్వేయర్ని. కాగితంలో రాసిన భూమి నేల మీద ఎక్కడుందో కొలిచి చూపించడం నా పని. ఇరవై రెండేళ్ళుగా చేస్తున్నా. ఎవర్నీ ఓ పట్టాన నమ్మను. కాఫీలో పంచదార వేశానని మా ఆవిడ చెప్పినా చెంచాతో తిప్పి చూసుకునే తాగుతా. అలాంటివాణ్ణి ఆ ఏడు బోల్తా పడ్డాను.

మస్తాన్ బైకు మెకానిక్. అద్దె షెడ్డు రెండు నెలల్లో ఖాళీ చెయ్యమన్నాడు ఓనరు. రోడ్డు పక్కన అయిదు సెంట్లు కొని సొంత షెడ్డు వేసుకుందామని భార్య గాజులు అమ్మేశాడు. "ఈసీ తీయించా అన్నా, చానా క్లీన్‌గా ఉంది. మీరు కొలిచి ఊ అంటే రేపే బయానా ఇచ్చేస్తా" అన్నాడు. ఈసీ అంటే ఆ సర్వే నంబరు మీద జరిగిన అమ్మకాలు, తాకట్లు చూపించే కాగితం. భూమి ఎవరిదో చెబుతుంది గానీ ఎక్కడుందో చెప్పదు.

స్థలాలు అమ్మిపెట్టే ఏజెంటు శ్రీను మమ్మల్ని పొలానికి తీసుకెళ్ళాడు. ఎర్ర గ్రావెల్ పోసి చదును చేసిన నేల, ఎదురుగా తారురోడ్డు. మామూలుగా నేను ట్రైజంక్షన్ రాయి దగ్గర మొదలుపెడతా. మూడు ఊళ్ళ పొలిమేరలు కలిసేచోట పాత కాలంలో పాతిన రాయి అది, దాన్ని ఎవరూ కదపరు. అది అక్కణ్ణుంచి కిలోమీటరుంది. శ్రీను చల్లటి మజ్జిగ గ్లాసు చేతిలో పెట్టాడు.

"ఈ ఎండలో అంతదూరం ఎందుకు బాబాయ్! ఇదిగో సర్వే రాయి, మూడేళ్ళ కింద పాతింది. ఇక్కణ్ణుంచి పెట్టండి."

పెట్టాను. అక్కణ్ణుంచి మిగతా రాళ్ళ దాకా కొలతలు ఎఫ్.ఎం.బి.తో, అంటే పొలం కొలతల పాత పుస్తకంతో, అంగుళం తేడా లేకుండా సరిపోయాయి. స్కెచ్ గీసి సంతకం చేసి మస్తాన్‌కి ఇచ్చాను. మర్నాడు పొద్దున్నే వాడు బయానా ఇచ్చేశాడు.

ఇంక అన్నం సయించలేదు. ఇన్నేళ్ళలో ఏ పొలమూ పాత పుస్తకంతో అంగుళం తేడా లేకుండా కలవలేదు. ఎక్కడో ఓ చోట జానెడో మూరెడో తేలుతుంది. పైగా ఆ గ్రావెల్ కింద ఉన్నది నల్లరేగడి. ఎండకి నెర్రెలిస్తుంది, వానకి ఉబ్బుతుంది. అందులో మూడు వానాకాలాలు చూసిన రాయి ఏదో ఓ పక్కకి ఒరగాల్సిందే. ఈ రాయేమో సిపాయిలా నిలబడి ఉంది. దాన్ని కళ్ళారా చూసి కూడా ఎట్టా వదిలేశాన్రా దేవుడా అని నన్ను నేనే తిట్టుకున్నా.

మూడో రోజు ఒక్కణ్ణే వెళ్ళి రాయిని ఊపాను. పాలపన్ను కదిలినట్టు కదిలింది. పక్క కల్లంలో రమణమ్మక్క మిర్చి ఆరబోస్తోంది. ఆ చేను ఆవిడదే.

"ఈ రాయి ఎప్పుడు పాతారక్కా?"

"మొన్న ఉగాది ముందు. వాగుని మట్టితో పూడ్చి, దాని మీద పాతారు. మేం బర్రెల్ని కడిగిన వాగే తమ్ముడూ అది."

"మొన్న నేను కొలిచేటప్పుడు చెప్పొచ్చుగా!"

"నువ్వు అడిగావా? శ్రీను బండి మీద వచ్చావు, శ్రీను మజ్జిగ తాగావు. నువ్వూ వాడి మనిషివే అనుకున్నా."

చెంప మీద కొట్టినట్టయింది. ఆవిడే టేపు రెండో కొస పట్టుకుంటే ట్రైజంక్షన్ రాయి నుంచి మళ్ళీ కొలిచాను. కాగితంలో ఉన్న అయిదు సెంట్లు వాగుకి అవతల, దారీ తెన్నూ లేని చోట పడ్డాయి. మస్తాన్‌కి చూపించింది వాగు పోరంబోకు, అంటే సర్కారు నేల. రాళ్ళన్నిటినీ ఒకే లెక్కన రోడ్డు వైపు జరిపి పాతారు. అందుకే వాటి మధ్య కొలతలు అంత ముద్దుగా కుదిరాయి.

షెడ్డుకి వెళ్ళి చెబితే మస్తాన్ చేతిలో స్పానర్ కింద పెట్టలేదు. నా వైపు అదోలా చూశాడు.

"మొన్న బాగుందని సంతకం పెట్టారు, ఇయ్యాల బాగాలేదంటున్నారు. ఏందన్నా ఇది? ఏది నమ్మాలి నేను? ఎవరైనా మీకు ఏమైనా ఇచ్చారా?"

కోపం ముంచుకొచ్చింది. కానీ ఏమని కసరను? ఆ స్కెచ్ కింద సంతకం నాదే. "నన్ను నమ్మొద్దు. నువ్వే వచ్చి ఆ రాయి ఊపి చూడు" అన్నాను.

వచ్చాడు, ఊపాడు. రమణమ్మక్కని తనే అడిగాడు. మస్తాన్ ఫోన్ చేస్తే శ్రీను వచ్చాడు. నన్ను పక్కకి పిలిచి "సంతకం పెట్టేశారుగా బాబాయ్, ఇంక మర్చిపోండి" అన్నాడు. ఊరందరికీ వినబడేలా తిట్టాను, ట్రైజంక్షన్ రాయి దగ్గరికి పద, అక్కణ్ణుంచి కొలుద్దాం అన్నాను. శ్రీను కదల్లేదు. బయానా తిరిగి రావడానికి నాలుగు నెలలు పట్టింది. ఈలోపు షెడ్డు పోయింది. మస్తాన్ రోడ్డు పక్క టార్పాలిన్ పట్టా కట్టుకుని ఎండలో, వానలో బండ్లు బాగుచేశాడు. ఆ దారిన పోవాలంటే నాకు తల కొట్టేసినట్టుండేది.

అప్పట్నుంచి రెండు పనులు మానలేదు. కొనేవాడు గానీ అమ్మేవాడు గానీ చూపించిన రాయి దగ్గర కొలత మొదలుపెట్టను. పక్క చేనువాళ్ళతో మాట్లాడకుండా సంతకం పెట్టను. మజ్జిగ కూడా ఇంట్లోదే సీసాలో పోసుకెళ్తా.

పోయిన సంవత్సరం మస్తాన్ మళ్ళీ పిలిచాడు, వేరే స్థలానికి. నా మీద కోపం పోయినట్టుందని సంతోషపడ్డా. వెళ్ళేసరికి రమణమ్మక్క వయసు ఆవిడొకరు పక్క చేలోంచి మస్తాన్‌తో మాట్లాడుతూ కనిపించింది. కిలోమీటరున్నర నడిచి అసలు రాయి వెతుక్కుని టేపు తీశాను. మస్తాన్ ముందుకొచ్చి, రాయిని రెండు చేతులా పట్టుకుని గట్టిగా ఊపాడు. కదల్లేదు. అప్పుడు నా మొహంలోకి చూసి అడిగాడు.

"ఈ రాయి మీకెవరు చూపించారన్నా?"

నాకు కోపం రాలేదు. ఆ మాట ఆ రోజు నన్ను నేనే అడుక్కోవాల్సింది. టేపు కొస మస్తాన్ చేతికిచ్చి, ఎఫ్.ఎం.బి. తెరిచి, ఆ రాయి ఎక్కడ గీసి ఉందో వేలు పెట్టి చూపించాను.