జలపాతం డ్యూటీ

కరోనా సద్దుమణిగిన మరుసటి వేసవిలో నన్ను కొండపల్లె జలపాతం మీద డ్యూటీకి వేశారు. అప్పుడు నేను గిద్దలూరు వైపు ఒక మండల పరిషత్ ఆఫీసులో అటెండరుని. అదే ఆఫీసులో పనిచేస్తూ నా భర్త చనిపోతే ఆ ఉద్యోగం నాకిచ్చారు. ఐదో తరగతితో చదువు ఆగిపోయినదాన్ని కాబట్టి ప్రమోషన్ రాలేదు. రిటైరయ్యేదాకా తపాలా పట్టుకుని బల్లబల్లకూ తిరిగాను. ఏ కాగితం ఏ బల్ల మీద ఎన్నాళ్లు పడుకుందో ఇప్పుడడిగినా చెబుతాను. ఊరి పేరు మాత్రం మార్చాను. అక్కడ మా అన్న ఇల్లు ఉంది, రేపు నేను పోవాలి గదా.

ముందు ట్యాంకర్ల సంగతి చెప్పాలి. మా పడమటి మండలాల్లో మార్చి దాటితే బోర్లు ఎండిపోతాయి. అప్పుడు ఊళ్లకు ట్యాంకర్లతో తాగే నీళ్లు తోలతారు. ఏ ఊరికి ఎన్ని ట్రిప్పులో నీటి సరఫరా ఇంజనీరు, అంటే ఏఈ గారు, జాబితా రాస్తారు. మండలానికి పెద్ద అధికారి ఎంపీడీఓ గారు దాని మీద సంతకం పెడతారు. ట్యాంకరు నిలబడిన చోట ఫోన్లో ఫోటో తీసి పైకి పంపాలి. ఆ ఫోటో మీద చోటు, గంట వాటంతటవే పడతాయి. ఫోటో లేకపోతే ట్రిప్పు తోలనట్టే లెక్క. జాబితాలో చేరాలంటే షరతు ఒక్కటే: ఊరి దగ్గర పారే నీళ్లు ఉండకూడదు.

కొండపల్లె దగ్గర పారే నీళ్లు లేవు. ఫోటో ఉంది.

అంతకుముందు తుఫాను వానలప్పుడు, మోటారు సైకిల్ మీద ఊళ్లు తిరుగుతూ ఫోటోలు తీసే హైదరాబాదు ఆయన ఒకరు వాన వెలిసేదాకా ఆ ఊళ్లో ఆగాడు. వెనక బోడికొండ మీంచి నీళ్లు దూకుతుంటే ఫోటో తీసుకుపోయాడు. ఆ నీళ్లు పారింది ఒకటిన్నర రోజు. ఫోటో మాత్రం అందరి ఫోన్లలో నెలల తరబడి పారింది.

సర్పంచ్ సుబ్బయ్యకు అది చూసి ఛాతీ ఉబ్బింది. వరసకు నాకు మామ అవుతాడు. చెడ్డవాడు కాదు, ఊరికి పేరు రావాలని కోరిక. చూడదగ్గ చోట్ల వివరాలు పంపమని జిల్లా నుంచి ఫారమ్ వస్తే, ‘నీటి ప్రవాహం: ఉన్నది / లేదు’ అన్న గడిలో ఉన్నది దగ్గర టిక్కు పెట్టాడు. అది చాలదన్నట్టు పక్కన సొంత దస్తూరీతో ‘ఏడాది పొడవునా’ అని రాసి, సంతకం చేసి, ముద్ర కొట్టాడు. రోడ్డు వస్తుంది, లైట్లు వస్తాయి, వచ్చే ఎన్నికల్లో చెప్పుకోవడానికి ఒక మాట ఉంటుందని ఆయన లెక్క.

ఏప్రిల్లో ఆ ఫారమూ, ట్యాంకర్ల జాబితా ఒకే బల్ల మీద కలుసుకున్నాయి. కొండపల్లె పేరు కొట్టేశారు.

సుబ్బయ్య మామ పరుగెత్తుకుంటూ ఆఫీసుకొచ్చాడు. నేను టీ గ్లాసులు పెడుతూ అక్కడే ఉన్నాను.

“జలపాతం లేదని రాసియ్యి, రేపే ట్యాంకరు పంపుతా” అన్నారు ఎంపీడీఓ గారు.

“అట్ల రాసిస్తే ముందు రాసింది అబద్ధమని తేలుద్ది గదా సార్. నా పదవి పోదా?”

“రాయకపోతే ఊరికి నీళ్లు పోతాయి.”

మామ టీ తాగి, రాయకుండానే పోయాడు. బయట మెట్ల దగ్గర నన్ను చూసి, “రోడ్డు వస్తదనుకుంటి కాశమ్మా” అన్నాడు. “రోడ్డు నాకి బతుకుతారా మామా?” అన్నాను.

ఊళ్లో ఆడవాళ్లు మూడు కిలోమీటర్ల అవతల ఒక రైతు బోరుకు నడవడం మొదలుపెట్టారు. ఆ బోరు కూడా గంట పోస్తే గంట దగ్గేది. సరిగ్గా తొమ్మిదో రోజున జిల్లా నుంచి ఉత్తరం వచ్చింది: పర్యాటక అధికారి గారు బొమ్మల పుస్తకం కోసం జలపాతాన్ని స్వయంగా ఫోటో తీయడానికి వస్తున్నారు, ఏర్పాట్లు చేయవలసింది. ఎంపీడీఓ గారు దాన్ని రెండుసార్లు చదివి, మంచినీళ్లు తెమ్మన్నారు.

ఏర్పాటు ఏఈ గారు చెప్పారు. కొండకు వెనకవైపు మూతపడిన పలకరాయి గని ఉంది, దానికి లారీలు తిరిగిన బాట ఉంది. మండలంలో ఉన్న ఐదు ట్యాంకర్లూ ఆ బాటన పైకెక్కించి, సార్ కారు దిగగానే ఒకేసారి వదలాలి. కారు వచ్చినట్టు కింద నుంచి ఎర్ర తువ్వాలు ఊపే పని నాది. రాతపూర్వకంగానే ఉత్తర్వు ఇచ్చారు, ‘జలపాతం డ్యూటీ’ అని.

ఆ పొద్దున ఐదు ట్యాంకర్లు వరసగా కొండపల్లె నడివీధిలోంచి పోయాయి. ఆడవాళ్లు బిందెలు పట్టుకుని ఎదురొచ్చారు. ఒక్కటీ ఆగలేదు. చివరిదానికి మా వదిన నాగమ్మ అడ్డం నిలబడింది.

“ఇవి తాగే నీళ్లు కాదక్కా, జలపాతం నీళ్లు” అన్నాడు డ్రైవరు.

“ఏందీ, కొండకు దప్పికయిందా నాయనా? మాకు కాలేదా?”

అతను పక్కకు తిప్పుకుని పోయాడు. ఊరి ఆడవాళ్లంతా బిందెలతో వెనకే నడిచి కొండ కిందికి చేరారు. నేను తువ్వాలు పట్టుకుని నిలబడి ఉంటే వదిన నన్ను చూసింది. “నువ్వు గూడానా?” అంది.

కారు వచ్చింది. తువ్వాలు ఊపాను. నీళ్లు బండ మీంచి నిజంగానే అందంగా దూకాయి, అబద్ధం చెప్పకూడదు. అధికారి గారు కెమెరా తీశారో లేదో, ఆడవాళ్లు నీళ్ల కిందికి దూరిపోయారు. తోపులాట, తిట్లు, బిందెల చప్పుడు. సుబ్బయ్య మామ “జరగండమ్మా, సార్ ఫోటో తీస్తున్నాడు” అని అరిచాడు. “తియ్యనీ, నింపుకునేది తియ్యనీ” అంది వదిన.

సార్ మురిసిపోయారు. “ఎంత సహజంగా ఉందో!” అంటూ తీసిందల్లా అక్కడికక్కడే ఫోన్లో పైఅధికారులకు పంపారు. ఇంతలో నీళ్లు సన్నబడి, బొట్లుబొట్లుగా రాలి, ఆగిపోయాయి.

“ఏమైంది?” అన్నారు సార్.

ఏఈ గారు గొంతు సవరించుకుని, “మధ్యాహ్నానికి కొంచెం తగ్గుతుంది సార్” అన్నారు.

“ట్యాంకర్లు అయిపోయినాయి సార్” అంది వదిన, బిందె చంకకెత్తుకుంటూ.

అందరూ కొండపైకి చూశారు. పైనుంచి ఒక డ్రైవరు తొంగిచూసి, “చాలునా సార్, ఇంకా తేవాల్నా?” అని అరిచాడు.

ఆ రోజు ఆఫీసులో సుబ్బయ్య మామ ముఖంలో చూసిన భయమే ఇప్పుడు సార్ ముఖంలోకీ వచ్చింది. ఫోటోలు పైకి పోయాయి, మెచ్చుకోళ్లు కూడా వచ్చేశాయి. ఇక జలపాతం లేదని చెప్పడం ఆయన చేతిలోనూ లేదు. సార్, మా అధికారులు పావుగంట కారులో కూర్చుని మాట్లాడుకున్నారు. వానలు పడేదాకా ‘జలపాతం నిర్వహణ’ కింద రోజుకు రెండు ట్యాంకర్లు తోలాలని తేల్చారు. వదిన కారు అద్దం మీద తట్టి, “కొండ తాగినాక మిగిలింది మాకియ్యండి” అంది. సార్ తలూపారు.

నిర్వహణ కింద తోలినట్టు రుజువుగా ఫోటో కొండపైన తీయాలి. ఇక రోజూ ట్యాంకరు కొండెక్కేది. నేను దానిలోనే కూర్చుని పోయి, రెండు బిందెలు బండ మీద పోసి, తడి ఆరకముందే ట్యాంకరుతో కలిపి ఫోటో తీసేదాన్ని. ఆ తర్వాత బండి కిందికి దిగి ఊళ్లో బిందెలు నింపేది. అలా రెండున్నర నెలలు కొండపల్లె నీళ్లు తాగింది. సుబ్బయ్య పదవి నిలబడింది. వదిన నాతో మళ్లీ మాట్లాడటం మొదలుపెట్టింది.

జూలైలో గట్టి వాన పడి జలపాతం దానంతటదే దూకింది. ముచ్చటపడి ఆ ఫోటో కూడా పంపాను. ఫోటోలో ట్యాంకరు కనబడటం లేదని తిప్పి పంపారు.

లేనిదాన్ని ఉన్నదని రాయడానికి ఒక్క సంతకం చాలు. ఒకసారి రాశాక, లేదని రాసే ధైర్యం సర్పంచ్ నుంచి జిల్లా దాకా ఎవరికీ ఉండదు. తెచ్చి పోసైనా ఉందనిపిస్తారు. నేను నేర్చుకున్నది ఇదే. తర్వాత సర్వీసు ఉన్న రెండేళ్లూ, సంతకానికి ఏ సర్పంచ్ ఫారమ్ తెచ్చినా, ‘ఉన్నది’ అన్న గడి మీద వేలు పెట్టి, “ఏ నెలలో, అన్నా?” అని అడిగేదాన్ని.