టేపు మేడం చూసిన నూట నలభై నాలుగో ఇల్లు

ఆవిడకి టేపు మేడం అని పేరు పెట్టింది ఇళ్ళ బ్రోకర్లు. ముప్ఫై ఏళ్ళుగా ఒక పెద్ద ఆసుపత్రిలో రికార్డు గది చూసుకుంటున్న మనిషి. అక్కడ అందరికీ రికార్డు మేడం. ఇళ్ళు చూడ్డానికి బయల్దేరిన మొదటి రోజునే సంచిలోంచి కొలత టేపు తీసి, దాని కొస బ్రోకరు చేతికిచ్చి, "కాస్త ఆ మూలకి పట్టుకుని నిలబడండి" అంది. పాపం ఆయన అంతవరకు చేత్తో తాళం చెవులు తప్ప ఇంకేమీ పట్టుకుని ఎరగడు. ఆ కబురు టీ బండి దగ్గర నలుగురు బ్రోకర్లకీ పాకింది, పేరు అతుక్కుపోయింది.

ఇల్లు కొనాలని ఆవిడకి సరదా ఏమీ లేదు. పెళ్ళి చేసుకోలేదు, ఎందుకు చేసుకోలేదని అడిగేవాళ్ళు కూడా ఎప్పుడో విసుగొచ్చి మానేశారు. తమ్ముడి ఇంట్లో వీధివైపు గదిలో హాయిగా ఉండేది. రెండేళ్ళ కిందట మేనల్లుడు ఫిజియోథెరపీ చదువు ఆఖరి సంవత్సరంలోకి వచ్చి, అన్నం తింటూ తింటూ, "అత్తా, మనింట్లో వీధి తలుపున్న గది నీదొక్కటే కదా" అన్నాడు. వాడు మామూలుగానే అన్నాడు. ఆవిడ మాత్రం ముద్ద కంచంలోనే వదిలేసి చెయ్యి కడుక్కుంది. మర్నాడే ఇళ్ళు వెతకడం మొదలుపెట్టింది.

ఆ ఇంట్లో ఎవరూ చెడ్డవాళ్ళు కారు, అదే ఆవిడకి పెద్ద ఇబ్బంది. పొమ్మంటే పోట్లాడవచ్చు. పొమ్మనకుండానే ఒక శనివారం, రోగుల్ని పడుకోబెట్టి కాళ్ళూ చేతులూ వంచే ఎత్తు మంచం ఒకటి వచ్చి ఆవిడ మంచం పక్కన చేరింది. తర్వాతి వారం బరువులు, రబ్బరు తాళ్ళు, నడుమంత ఎత్తున్న ఎర్ర బంతి వచ్చాయి. బట్టలు మార్చుకోవాలంటే ఆ బంతిని మోకాలితో అటు నెట్టాలి. "తొందరేం లేదు వదినా, మీ ఇష్టం" అని మరదలు అంటూనే ఉంది, ఆ గదిలో కొడుకు క్లినిక్ ప్రారంభం వచ్చే నెల ఒకటో తారీఖున అని కార్డులు అచ్చు వేయించనూ వేయించింది. "హాల్లో పడుకుందువు గాని అక్కా, ఏమైంది?" అన్నాడు తమ్ముడు. ఏమైందో ఆయనకి చెప్పడం ఎలాగో ఆవిడకి తెలియలేదు. యాభై రెండేళ్ళు వచ్చాక, అందరూ తొక్కుకుంటూ నడిచే చోట, టీవీ కట్టేసేదాకా కాచుకుని పక్క వేసుకోవాలంటే ఆవిడకి ఏడుపొస్తోంది. అంతే.

ఇళ్ళు చూడడంలో మాత్రం ఆవిడ దగ్గర ఎవరి పప్పులూ ఉడకవు. వారమంతా ప్రకటనలు చూసి, ఫోన్లు చేసి, ఒకే వీధివి ఒక కట్టగా చేర్చి, ఆదివారం పొద్దున్న తొమ్మిదికి మొదలుపెట్టి రెండు మూడు ఇళ్ళు చుట్టేస్తుంది. ఇంటికి ఇరవై నిమిషాలు. లోపలికి వెళ్ళగానే కిటికీలన్నీ తెరిపిస్తుంది. మోకాలి ఎత్తున గోడకి అరచేతి వెనకవైపు ఆనించి చెమ్మ చూస్తుంది. కొత్త రంగు వాసన వస్తే ఆ గోడే రెండుసార్లు చూస్తుంది. నేలమీద గోళీ వదిలి అది ఎటు దొర్లుతుందో చూస్తుంది. లీటరు సీసా కుళాయి కింద పెట్టి ఎన్ని క్షణాల్లో నిండిందో లెక్కపెడుతుంది. పడకగదిలో నిలబడి, "రెండు నిమిషాలు మాట్లాడకండి" అని, పక్కింటి చప్పుళ్ళు వింటుంది. బ్రోకరుకి రెండు నిమిషాల మౌనమంటే ప్రాణం పోయినట్టుండేది. నచ్చిందని గానీ నచ్చలేదని గానీ అక్కడ చెప్పదు, చేతిలో ఎంత ఉందో అసలే చెప్పదు. బయటికొచ్చి, పక్కింటివాళ్ళని మంచినీళ్ళడిగే మిషతో నాలుగు మాటలడిగి, అప్పుడు కాగితం నింపుతుంది.

ఆ కాగితం ఆవిడ స్వయంగా గీసుకున్నది. ఆసుపత్రిలో రోగికొక ఫైలున్నట్టే ఇంటికొక కాగితం. తేదీ, చూసిన వేళ, చెమ్మ, వాలు, నీళ్ళు, వెలుతురు, చప్పుడు, ఆ సమయంలో అక్కడ ఉన్నవాళ్ళు. చివరి గడి ఎందుకని ఎవరైనా అడిగితే ఆవిడ చెప్పేది ఒక్కటే. రికార్డన్నాక ఎవరున్నారో రాయాలి కదా, అంతే.

ఇంత జాగ్రత్తగా చూసే మనిషికి రెండేళ్ళయినా ఇల్లు దొరకలేదు. మొదట్లో లోపాలు కనిపించి తనే వద్దంది. పోనుపోను, కాస్త బాగున్న ఇల్లేదైనా సోమవారం ఫోను చేసేసరికి అమ్ముడైపోయేది. "అయ్యో మేడం, నిన్న సాయంత్రమే ఇచ్చేశారు" అనేవాడు తాళాలాయన. నడుముకి గుత్తి కట్టుకుని గలగలమంటూ తిరిగే ఆ పెద్ద బ్రోకరుని అందరూ తాళాలాయనే అనేవారు. ఆవిడ స్తోమతకి తగ్గ ఇళ్ళున్న ఆ నాలుగు వీధులూ ఆయన చేతిలోనివే. వేరే బ్రోకరు దగ్గరికి వెళ్తే, ఆయనా తిరిగి ఈయనకే ఫోను చేసి తాళం అడుగుతాడు. చుట్టూ తిరిగి ఈయన ముందే నిలబడాలి.

"నేను కాలు పెట్టిన ఇల్లు ఆ పూటకే అమ్ముడైపోతుందేమిటో, నా జాతకం" అని నవ్వుతూ అనుకునేది. ఒకటో తారీఖు పన్నెండు రోజుల్లోకి వచ్చాక ఆ నవ్వు రావడం మానేసింది. ఎక్కడ పొరపాటు చేస్తున్నానో చూద్దామని, ఒక మధ్యాహ్నం భోజనం వేళలో, రికార్డు గదిలో బల్లమీద ఆ కాగితాలన్నీ పరిచింది. నూట నలభై మూడు. చెమ్మ గడి చూసింది, నీళ్ళ గడి చూసింది, ఏమీ తేలలేదు. చివరి గడి దగ్గర వేలు ఆగిపోయింది.

మొదటి ఏడాదంతా ఆ గడిలో "బ్రోకరు" అన్న ఒక్క మాటే ఉంది. రెండో ఏడాది కాగితాల్లో వరసగా, "బ్రోకరు, భార్యాభర్తలు." "బ్రోకరు, ఒక ముసలాయన, కొడుకు." "బ్రోకరు, బ్యాంకు ఉద్యోగినట, ఒకావిడ." ఆ ఏడాది తాళాలాయన చూపించిన ఇరవై ఆరు ఇళ్ళలో ఇరవై మూడింటి దగ్గర, తను వెళ్ళిన వేళకే మరొకరు ఉన్నారు. ఆ ఇరవై మూడూ ఆ రోజే అమ్ముడయ్యాయి.

ఆవిడ ఆ ఇరవై మూడు కాగితాలూ విడిగా తీసి పెట్టింది. జాతకమూ కాదు, గీతకమూ కాదు. ఇల్లు చూసి తటపటాయించేవాళ్ళ ముందు, టేపు పట్టుకుని, గోళీ దొర్లించి, ముఖంలో ఏ భావమూ లేకుండా సీసాలో నీళ్ళు కొలిచే ఒక మనిషి నిలబడితే ఏమవుతుంది? వాళ్ళకి గుండె జారిపోతుంది, ఇల్లు చేజారిపోతుందని పరుగున బయానా ఇచ్చేస్తారు. నటించమని మనిషిని పెట్టుకుంటే ఇంత బాగా కుదిరేది కాదు. తనకి జీతం కూడా లేదు. ఏడాదిగా ఆదివారాలు ఎండలో పడి, ఊళ్ళోవాళ్ళందరికీ ఇళ్ళు అమ్మిపెడుతోంది. కోపం ఎంత వచ్చిందంటే, అప్పుడే ఎవరో ఫైలు అడగడానికి వస్తే, ఎన్నడూ లేనిది, "అరగంటాగి రా" అని కసిరింది.

ఇక ఆయన ముఖం చూడకూడదనుకుంది. అనుకున్నంత తేలిక కాదు కదా. శుక్రవారం ఆయనే ఫోను చేశాడు. "మేడం, అచ్చం మీ కోసమే కట్టినట్టుంది. మొదటి అంతస్తు, రెండు గదులు. ఆదివారం పదకొండింటికి వచ్చెయ్యండి." పదకొండింటికే ఎందుకో ఇప్పుడు ఆవిడకి తెలుసు. అయినా ఇంకో దారి లేదు. ఒకటో తారీఖు ఆగదు. ఈసారి నచ్చితే ఎవరున్నా లేకపోయినా అక్కడికక్కడే కొనెయ్యాలని చెక్కుపుస్తకం సంచిలో పెట్టుకుని వెళ్ళింది.

అనుకున్నట్టే అక్కడ ఇద్దరున్నారు. పాతికేళ్ళ కుర్రజంట. ఆ అమ్మాయికి ఏడో నెలో ఎనిమిదో నెలో, పాదాలు వాచి మెట్టుమీద కూర్చుని ఉంది. భర్త నిలబడి గోళ్ళు కొరుక్కుంటున్నాడు.

ఇల్లు చూసిన మొదటి నిమిషంలోనే ఆవిడకి తెలిసిపోయింది. బాగుంది. గోడ పొడిగా ఉంది. గోళీ పెట్టిన చోటు నుంచి కదల్లేదు. సీసా తొమ్మిది క్షణాల్లో నిండింది. పడకగది తలుపు వేసి నిలబడితే పక్కింట్లోంచి చెంచా పడిన చప్పుడు కూడా లేదు. ఆ గదికి లోపలివైపు గడియ ఉంది. దాన్ని వేసి చూసింది, తీసి చూసింది, మళ్ళీ వేసింది. ఇక్కడ పడుకుంటే ఎవరి టీవీ కోసమూ కాచుకోనక్కర్లేదు అనుకుంది. ఈ ఇల్లు కావాలి, ఎలాగైనా కావాలి అనుకుంది. రెండేళ్ళలో అలా అనిపించడం అదే మొదటిసారి.

తలుపవతల తాళాలాయన గొంతు తగ్గించి మాట్లాడుతున్నాడు. "లోపల కొలుస్తున్నారే, ఆవిడ మామూలు మనిషి కాదు సార్. ఎన్నో ఇళ్ళు కాదనుకున్న మనిషి. ఆవిడ గడియ వేసి మరీ చూస్తున్నారంటే ఇక ఈ ఇల్లు అయిపోయినట్టే. నా మాట విని త్వరగా తేల్చుకోండి."

ఆవిడ తలుపు తీసింది. టేపు చుట్టి సంచిలో పడేసింది.

"ఇల్లు నాకు కావాలి. బయానా ఇప్పుడే ఇస్తాను. బేరం కూడా ఆడను."

తాళాలాయన మొదట నవ్వాడు. తర్వాత ఆవిడ ముఖం చూసి నవ్వు ఆపుకున్నాడు. "మీరా మేడం? మీరు చూస్తారు గానీ కొనరు కదా."

ఆ మాట చెంప మీద కొట్టినట్టే తగిలింది. కడిగి పారేద్దామని నోటిదాకా వచ్చింది గానీ, కడగడానికి టైమెక్కడిది? "చెక్కు ఎవరి పేరున రాయమంటారు?" అంది.

"ఎవరు ముందిస్తే వాళ్ళదే మేడం. నాకు అందరూ ఒకటే." ఆయన ఇంటి యజమాని పేరు చెప్పాడు.

ఆవిడ కిటికీ గట్టుమీద చెక్కు పెట్టి రాయడం మొదలుపెట్టింది. ముప్ఫై ఏళ్ళ రికార్డు గది చెయ్యి. తేదీ వేసింది, వేసింది సరిగా ఉందో లేదో చూసుకుంది. యజమాని పేరు ఒక్కో అక్షరం విడివిడిగా, కొట్టివేతలు లేకుండా, గీత దాటకుండా రాసింది. అంకెల్లో రాసింది. ఇక అక్షరాల్లో రాయాలి.

వెనకనుంచి ఆ అమ్మాయి భర్తతో, "ఏమండీ, ఆవిడ నిజంగా రాసేస్తున్నారు! చూస్తారేంటి?" అంది, ఏడుపు గొంతుతో. ఇంతవరకు తటపటాయిస్తున్న కుర్రాడు జేబులోంచి ఫోను తీశాడు. నాలుగు నొక్కులు నొక్కి యజమాని ఖాతాకి బయానా పంపేశాడు. వెంటనే తాళాలాయన ఫోను మోగింది, యజమాని నుంచి. "డబ్బు అందిందట సార్, అందిందట" అన్నాడు ఆయన.

ఆవిడ కలం అక్షరాల్లో సగం దగ్గర ఆగింది. అంతవరకు టేపుతో బెదిరినవాళ్ళు ఇవాళ చెక్కు చూసి ఇంకా గట్టిగా బెదిరారు. ఉత్తినే చూసినా ఆవిడ పని ఇదే, నిజంగా కొనబోయినా ఇదే. ఇందులోంచి బయటపడే దారి ఎటుందో ఆవిడకి కనపడలేదు.

కుర్రాడు యజమానితో ఫోనులో మాట్లాడుతూ కిందికి దిగాడు. ఆ అమ్మాయి మాత్రం గోడ పట్టుకుని మెల్లగా దగ్గరికొచ్చింది. డబ్బు ఇచ్చేశాక పట్టుకున్న భయం ముఖంలో కనిపిస్తోంది.

"ఆంటీ, ఏమీ అనుకోకండి. మీరు అంతా చూశారు కదా. మేము సరిగా చూడనే లేదు. ఇంట్లో లోపం ఏమైనా ఉందా?"

ఒక్క మాట చాలు. వెనకగోడకి చెమ్మ ఉందమ్మా అంటే చాలు, ఈ పిల్ల ఇప్పుడే భర్తని వెనక్కి పిలుస్తుంది. ఆ మాట ఆవిడ నాలుక చివరిదాకా వచ్చింది. రావడమే కాదు, కాసేపు అక్కడే ఉంది. ఆ అమ్మాయి వాచిన పాదాల మీద బరువు ఇటూ అటూ మారుస్తూ, ఆవిడ నోటికేసే చూస్తోంది.

"ఏ లోపమూ లేదమ్మా" అంది చివరికి. "నేను చూసినవాటన్నిటిలో ఇదే మంచి ఇల్లు."

అని, ఏడుపు వచ్చేలోగా మెట్లు దిగింది. తాళాలాయన గుత్తి గలగలలాడించుకుంటూ వెంటపడ్డాడు. ఆయనకి ఆవిడమీద కోపం లేదు, పైగా ఇవాళ చాలా సంతోషంగా ఉన్నాడు. "మేడం, మేడం, బాధపడకండి. ఇది పోతే పోయింది. వచ్చే ఆదివారం ఇంకో మూడు ఇళ్ళున్నాయి. మీరు తప్పకుండా రావాలి."

ఆవిడ ఆగింది. నీ ఎత్తులన్నీ నాకు తెలుసని, ఇరవై మూడు ఇళ్ళ కాగితాలు నా దగ్గర ఉన్నాయని, ఇక జన్మలో నీ వెంట రానని చెప్పాలి. రెండు రోజులుగా ఆ మాటలన్నీ వరసగా సిద్ధం చేసి పెట్టుకుంది. వచ్చే ఆదివారం పోతే ఒకటో తారీఖుకి రెండు రోజులే ఉంటాయి. ఆ నాలుగు వీధుల తాళాలూ ఆయన నడుముకే ఉన్నాయి.

"ఎన్నింటికి రమ్మంటారు?" అంది.