రెండు ఆంప్లిఫయర్ల పెద్దబాపు

పోయిన నెల ఒక సోమవారం పొద్దున బాన్సువాడ నుంచి పెద్దమ్మ ఫోన్ చేసింది. "బిడ్డా, మీ పెద్దబాపు ఇగ లేడు. పండుకున్నోడు లేవలే" అంది. ఏమైందని నేను అడుగుతూనే ఉన్నాను. ఫోన్‌లో మాట ఆమెకు అందదు. అదే మాట ఇంకోసారి చెప్పి పెట్టేసింది.

మా పెద్దబాపు రైసుమిల్లులో మోటార్ల ఫిట్టర్. ఆయన గురించి ఇంకెవరూ రాయరు కాబట్టి నేను రాస్తున్నాను. రిటైరయ్యాక నడుమెత్తు స్పీకర్ పెట్టెలు రెండు తనే చేసుకున్నాడు. ఒక్కో పెట్టెలో పెద్ద స్పీకర్ ఒకటి, చిన్నది ఒకటి; అన్నిటికీ కలిపి ఒకటే ఆంప్లిఫయర్. సాయంత్రమైతే ఆయనా పెద్దమ్మా వాటి ముందు కూర్చుని పాటలు వినేవాళ్లు. నాలుగేళ్ల కింద పెద్దమ్మకు వినికిడి తగ్గింది. "మాట్లాడుతున్నరని ఎర్కైతది గాని, ఏం మాటనో తెలుస్తలేదు" అనేది. దవాఖానలో ఇచ్చిన మిషన్ చెవిలో కూత పెడుతోందని తీసేసింది. పాటల దగ్గరికి రావడమే మానేసి, వంటింట్లో ఉండిపోయేది.

ఆయన సౌండ్ పెంచి చూశాడు. కిటికీ అద్దాలు అదిరాయి గానీ ఆమెకు మాట తెలియలేదు.

"సౌండ్ పెంచుడు గాదు బిడ్డా, ఆమెకు ఏది తక్కువైందో గదే పెంచాలె" అన్నాడు నాతో. నేను టీచర్‌ని; బడిలో పాఠం అందని పిల్లల ముందు నిలబడినప్పుడల్లా నాకు ఆ మాటే గుర్తొస్తుంది.

ఆమెకు అందనివి స, శ లాంటి సన్నటి శబ్దాలు; ఏ మాటో తెలిసేది వాటితోనే. అందుకని రెండో ఆంప్లిఫయర్ తెచ్చాడు. పాటను ముందే రెండుగా విడదీసే చిన్న డబ్బా ఒకటి కట్టి, బరువైన శబ్దాలను పాత ఆంప్లిఫయర్ నుంచి పెద్ద స్పీకర్లకు, సన్నటివాటిని కొత్తదాని నుంచి చిన్న స్పీకర్లకు పంపాడు. ఇక దేనికది పెంచుకోవచ్చు. మొదటిసారి వైర్లు తారుమారై ఒక చిన్న స్పీకర్ కాలిపోయింది. "నా తొందరకు దాని పానం పోయింది" అని ఆ పూట అన్నం ముట్టలేదు.

కుదిరిన రోజు నేను అక్కడే ఉన్నాను. హైదరాబాదు నుంచి మనవరాలు ఫోన్‌లో పంపిన మాటలు పెట్టి, పెద్దమ్మను చెయ్యి పట్టుకుని తెచ్చి కూర్చోబెట్టాడు. కొత్తదాని నాబ్ ఒక్కటే కొద్దికొద్దిగా తిప్పాడు. ఆమె కాసేపు విని, "పోరికి ముందటి పన్ను ఊడిందా ఏంది? మాటల గాలి పోతుంది" అంది.

ఆ వారమే ఊడింది. పెద్దబాపు వాకిట్లోకి పోయి, గోడవైపు తిరిగి కండువాతో కళ్లు తుడుచుకున్నాడు.

సన్నటి శబ్దాలు అంత పెంచడంతో అప్పటి నుంచి ఆ ఇంట్లో పాట మా చెవులకు సూదుల్లా తగిలేది. ఆయనకూ అంతేనని నాకు తెలుసు. అడిగితే, "నాకు ఇన్నేండ్లు మంచిగ వినవడ్డది. సాలు" అన్నాడు.

దినాలు అయిపోయి చుట్టాలంతా వెళ్లాక పెద్దమ్మ నన్ను పిలిచింది. "ఆయన మాట పెట్టు బిడ్డా" అంది.

రెండు ఆంప్లిఫయర్లూ ఆన్ చేసి పెద్దమ్మ ఫోనంతా వెతికాను. మనవరాలి మాటలున్నాయి, నావీ ఉన్నాయి. ఆయనది ఒక్కటీ లేదు. ఎప్పుడూ పక్కనే ఉన్న మనిషి, ఆమెకు రికార్డు చేసి ఎందుకు పంపుతాడు? తల అడ్డంగా ఊపాను.

ఆపబోతుంటే నా చెయ్యి పట్టుకుంది. కొత్తదాని నాబ్ ఆయన ఆమె కోసం పెంచిన చోటే ఉంది; ఏ పాటా లేని చిన్న స్పీకర్లలోంచి సన్నగా, ఆగకుండా బుసలాంటి చప్పుడు వస్తోంది.

"గిది వినవడుతుంది. ఉండనీ" అంది.

పెట్టెకు చెవి ఆనించి, కళ్లు మూసుకుని అలాగే కూర్చుంది.